పింఛను కొనుక్కునే ముందు: ఏ ఆప్షన్ ఎవరికి?

రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో పడ్డ నెలలోనే ఏజెంటు ఫారం పట్టుకుని వస్తాడు. ఎల్‌ఐసీ జీవన్ అక్షయ్-7 లాంటి పాలసీ అయితే అందులో ఎ నుంచి జె దాకా పది ఆప్షన్లుంటాయి. ఒక దానికి టిక్కు పెట్టాలి. ఫ్రీ లుక్ గడువు, అంటే పాలసీ చదివి నచ్చకపోతే వెనక్కి పంపే వీలున్న ముప్ఫై రోజులు దాటాక ఆ టిక్కు మార్చడం కుదరదు. ఇంటి స్థలానికి పది వెంచర్లు తిరిగినవాళ్లు, కూతురి సంబంధానికి మూడు ఊళ్లలో వాకబు చేసినవాళ్లు ఈ టిక్కు మాత్రం కాఫీ చల్లారేలోపు పెట్టేస్తారు. "అందరూ ఎఫ్ పెడతారు సార్" అంటాడు ఏజెంటు. "అసలు ఎక్కడికీ పోదుగా?" అంటారు ఈయన. "పోదు సార్, మీ తర్వాత మీ వాళ్లకే వస్తుంది." సంతకం అయిపోతుంది. ఆయన భార్య వంటింట్లోనే ఉంటారు, ఆ అక్షరమేమిటో ఆవిడకు తెలియదు.

ఆఫీసులో రిటైరయ్యేవాళ్ల ఫారాలు నింపిపెట్టడం నాకు ఎలాగో అంటుకున్న పని. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ ఫారంలో మొదట తేల్చుకోవాల్సింది అసలు గురించి కాదు, మీ తర్వాత ఇంట్లో ఎవరుంటారు, వాళ్లకు నెలనెలా డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్నది. అది తేలితే పది అక్షరాల్లో ఏడెనిమిది వాటంతటవే రాలిపోతాయి.

ముందు మాటలు అర్థం చేసుకుందాం

యాన్యుటీ అంటే పెద్ద మొత్తం ఒకేసారి బీమా కంపెనీకిచ్చి, బదులుగా బతికున్నంత కాలం పింఛను కొనుక్కోవడం. 'కొనుక్కోవడం' అన్న మాట గుర్తుంచుకోండి. మీరిచ్చే మొత్తాన్ని పర్చేజ్ ప్రైస్, అంటే కొనుగోలు ధర అనే అంటారు. దీన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో పోల్చి "వడ్డీ ఎంత?" అని అడగడంతోనే తికమక మొదలవుతుంది. డిపాజిట్లో డబ్బు మీది, అందులోంచి వచ్చేది వడ్డీ. యాన్యుటీలో డబ్బు కంపెనీది అయిపోతుంది, మీకు మిగిలేది పింఛను హక్కు. జీవిత బీమా మనిషి తొందరగా పోతే ఇంటివాళ్లను ఆదుకోవడానికి. యాన్యుటీ తొంభై ఏళ్లు బతికితే తిండికి వెతుక్కోకుండా ఉండటానికి.

పింఛను ఎవరి పేరున వస్తుందో ఆయన యాన్యుటెంట్. ఇద్దరి పేరున తీసుకుంటే మొదటివారు ప్రైమరీ, రెండోవారు సెకండరీ. ఒక్కరి మీదే ఉంటే సింగిల్ లైఫ్, ఇద్దరి మీద ఉంటే జాయింట్ లైఫ్. డబ్బు కట్టిన వెంటనే, అంటే నెలకో మూడు నెలలకో ఏడాదికో మొదటి పింఛను వచ్చేస్తే ఇమ్మీడియట్ యాన్యుటీ. ఇప్పుడు కట్టి కొన్నేళ్ల తర్వాత మొదలుపెట్టుకుంటే డిఫర్డ్ యాన్యుటీ. ఎల్‌ఐసీ న్యూ జీవన్ శాంతి ఈ రెండో రకం. అందులో ఏడాది నుంచి పన్నెండేళ్ల దాకా ఆగొచ్చు.

యాన్యుటీ రేటు అంటే ఏడాది పింఛనును కొనుగోలు ధరతో భాగించగా వచ్చేది. ఇది కొన్న రోజున ఎంతుంటే జీవితాంతం అంతే. తర్వాత దేశంలో వడ్డీలు పెరిగినా తగ్గినా మీ పింఛను కదలదు. వయసు పెరిగేకొద్దీ కొత్తగా కొనేవాళ్లకు రేటు ఎక్కువ దొరుకుతుంది, ఎందుకంటే కంపెనీ ఇవ్వాల్సిన ఏళ్లు తక్కువని లెక్క.

'గ్యారంటీడ్ పీరియడ్' దగ్గరే చాలామంది పొరబడతారు. పదిహేనేళ్ల గ్యారంటీ అంటే పింఛను పదిహేనేళ్లే వస్తుందని కాదు. పింఛను జీవితాంతం వస్తుంది. మీరు పదిహేనేళ్లలోపు పోతే మిగిలిన ఏళ్ల పింఛను నామినీకి ఇస్తారు. పదహారో ఏట పోతే ఎవరికీ ఏమీ రాదు.

చివరిది రిటర్న్ ఆఫ్ పర్చేజ్ ప్రైస్. మీరు కట్టిన మొత్తం మీ మరణం తర్వాత నామినీకి తిరిగి వస్తుంది. "అసలు పోదు" అని ఏజెంటు చెప్పేది దీని గురించే. అసలు పోని మాట నిజమే, కానీ అది మీ చేతికి రాదు.

వేటితో తూచాలి

నేనైతే ఐదు ప్రశ్నలు అడుగుతాను, ఇదే వరుసలో. నా తర్వాత ఈ పింఛను మీద ఆధారపడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో ఇంకే పింఛనైనా వస్తోందా? ఈ డబ్బు నెల ఖర్చుకు సరిపోతుందా, ఇంకో వెయ్యి వస్తే తేడా పడుతుందా? ఆపరేషన్‌కో మరోదానికో ఈ మొత్తం వెనక్కి తీసుకోవాల్సి రావచ్చా? పిల్లలకు ఏమైనా మిగల్చాలని ఉందా?

పిల్లల ప్రశ్న కావాలనే చివర పెట్టాను. మన ఇళ్లలో అది మొదటి ప్రశ్న అయిపోతుంది, మొదటి ప్రశ్న ఎవరూ అడగరు.

అంకెల్లో చూస్తే

ఈ కింది అంకెలు ఏ కంపెనీ రేట్లూ కావు. ఆప్షన్ల మధ్య తేడా ఏ మేరకు ఉంటుందో కనబడటానికి నేను వేసుకున్న నమూనా లెక్క. ఆయనకు 60 ఏళ్లు, ఆవిడకు 56, కొనుగోలు ధర 10 లక్షలు అనుకుందాం. అక్షరాలు జీవన్ అక్షయ్-7లోవి. వేరే కంపెనీల్లో పేర్లు మారతాయి గానీ సరుకు ఇంచుమించు ఇదే.

| ఆప్షన్ | ఏడాదికి (రూ.) | ఆయన తర్వాత ఆవిడకు | చివరికి వారసులకు |
|---|---|---|---|
| ఎ: జీవితాంతం, ఒక్కరికే | 80,000 | ఏమీ లేదు | ఏమీ లేదు |
| డి: 15 ఏళ్ల గ్యారంటీ, ఆపైన జీవితాంతం | 77,000 | 15 ఏళ్లలో మిగిలినన్ని ఏళ్లు | ఏమీ లేదు |
| ఎఫ్: జీవితాంతం, అసలు వాపసు | 68,000 | పింఛను ఆగుతుంది, నామినీ అయితే 10 లక్షలు | ఆ 10 లక్షల్లో మిగిలింది |
| జి: ఏటా 3 శాతం పెరిగేది | 65,000తో మొదలు | ఏమీ లేదు | ఏమీ లేదు |
| హెచ్: జాయింట్, తర్వాత సగం | 76,000 | 38,000 | ఏమీ లేదు |
| ఐ: జాయింట్, తర్వాతా పూర్తిగా | 72,000 | 72,000 | ఏమీ లేదు |
| జె: జాయింట్, పూర్తిగా, అసలు వాపసు | 67,000 | 67,000 | 10 లక్షలు |

బి, సి, ఇ ఆప్షన్లు డి లాంటివే. గ్యారంటీ ఏళ్లు వరుసగా 5, 10, 20.

ఈ పట్టికలో ఒక్కచోట వేలు పెట్టి చూపించమంటే ఎఫ్, జె వరుసల మీద పెడతాను. రెండింటికీ తేడా ఏడాదికి 1,000 రూపాయలు, నెలకు 83. రెండు కిలోల టమాటాల డబ్బు. ఆ మాత్రం వదులుకుంటే ఆయన పోయాక కూడా ఆవిడకు అదే పింఛను జీవితాంతం వస్తుంది, ఆ తర్వాత అసలు కూడా పిల్లలకు వెళుతుంది. అసలు ఎలాగూ తిరిగిచ్చేది కాబట్టి కంపెనీకి ఇద్దరికివ్వడం పెద్ద భారం కాదు, అందుకే తేడా అంత చిన్నది. కంపెనీలు ఇచ్చే కొటేషన్లలోనూ ఈ రెంటి మధ్య ఎడం సాధారణంగా ఇలా చిన్నదిగానే ఉంటుంది. మీ వయసులకు రెండూ పక్కపక్కన వేయించి చూడండి. వేరే పింఛను లేని దంపతులు జె వదిలి ఎఫ్ తీసుకోవడానికి నాకు కారణమే కనబడదు. తెలియక తీసుకుంటారంతే.

మా ఆఫీసులో ఒక పెద్దాయన పన్నెండు లక్షలతో ఎఫ్ తీసుకున్నారు. ఆరో ఏట పోయారు. నామినీ ఆవిడే. పన్నెండు లక్షలూ ఒకేసారి ఆవిడ ఖాతాలో పడ్డాయి. అంత డబ్బు వచ్చిందని తెలిసిన ఇంట్లో అవసరాలు ఎలా పుట్టుకొస్తాయో చెప్పక్కర్లేదు. పెద్దవాడి హౌసింగ్ లోను, చిన్నవాడి షాపు అడ్వాన్సు, అల్లుడికి చేబదులు. ఎవరూ దుర్మార్గులు కారు, అందరికీ నిజమైన అవసరాలే. రెండేళ్లలో ఆవిడ దగ్గర మిగిలింది పాస్‌బుక్కు. మందుల చీటీ పట్టుకుని కోడలి వైపు చూడాల్సిన రోజులొచ్చాయి. ఆయన 'అసలు' కాపాడారు, ఆవిడకు నెలనెలా వచ్చేదాన్ని కాపాడలేదు.

ఎఫ్ ఇప్పటికే తీసుకున్నవాళ్లు పాలసీ బాండులో ఒకటి చూసుకోవాలి. మరణానంతరం వచ్చే మొత్తాన్ని ఒకేసారి ఇవ్వాలా, వాయిదాల్లో ఇవ్వాలా, దాంతో నామినీకి మళ్లీ పింఛనే కొనాలా అన్నది యాన్యుటెంట్ తాను బతికుండగానే రాసి పెట్టుకునే వీలు ఈ పాలసీల్లో ఉంటుంది. అలా రాస్తే తర్వాత దాన్ని మార్చే వీలు నామినీకి ఉండదు. కొందరికి అది నచ్చదు. పై కథలాంటివి చూశాక నాకు నచ్చుతుంది.

ఎ మంచిదా, ఎఫ్ మంచిదా

పట్టిక చూడగానే ఎ ఎక్కువిస్తోంది కదా అనిపిస్తుంది. నెలకు 6,667 ఎక్కడ, 5,667 ఎక్కడ? కానీ లెక్క కాస్త చిత్రంగా ఉంటుంది. ఎ తీసుకుని ఎనభై ఏళ్లకు పోతే, ఇరవై ఏళ్లలో వచ్చిన మొత్తం పింఛను చూస్తే మీ పది లక్షల మీద సుమారు 5 శాతం రాబడి వచ్చినట్టు. తొంభై దాకా ఉంటే దాదాపు 6.9 శాతం. ఎఫ్‌లో ఎప్పుడు పోయినా 6.8 శాతమే, అసలు వాపసు వస్తుంది కాబట్టి. అంటే కుటుంబం మొత్తాన్ని ఒకే జేబుగా చూస్తే దాదాపు తొంభై దాకా ఉంటే తప్ప ఎ గెలవదు.

మరి ఎ ఎవరికి? కుటుంబం ఒకే జేబు కానివాళ్లకు. ఒంటరిగా ఉన్నవాళ్లు, భార్యో భర్తో ముందే పోయినవాళ్లు, పిల్లలు స్థిరపడి ఈ పది లక్షల కోసం చూడనివాళ్లు, నెల ఆఖర్లో ఆ వెయ్యి రూపాయలే మందులైనవాళ్లు. ఇలాంటివాళ్లు ఎఫ్ తీసుకుంటే తాము పస్తులుండి వారసులకు దాచిపెట్టినట్టే. ఆ దాచింది కూడా ఎంత? ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే ఇరవై ఐదేళ్ల తర్వాత వచ్చే పది లక్షలకు ఈనాటి లెక్కలో రెండు లక్షల ముప్ఫై వేల సరుకు వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుక్కి ఆ రెండు లక్షలు మిగల్చడం కోసం విజయవాడలో తల్లి నెలకు వెయ్యి తగ్గించుకుని బతకడం నాకు అర్థం కాని త్యాగం.

ఒక జాగ్రత్త. ఎ తీసుకున్న మర్నెల పోయినా నామినీకి ఏమీ రాదు. ఈ మాట తట్టుకోలేనివాళ్లు డి వైపు జరగొచ్చు. మన నమూనాలో నెలకు 250 రూపాయల తేడాతో పదిహేనేళ్ల భరోసా. మనసు కుదుటపడటానికి అది పెద్ద ధర కాదు.

ఇంకొకటి. జీవన్ అక్షయ్-7లో అప్పు తీసుకోవడం, పాలసీ సరెండర్ చేసి డబ్బు వెనక్కి తీసుకోవడం ఎఫ్, జె ఆప్షన్లకే వీలు. ఎ, డి, ఐ తీసుకున్నవాళ్లకు ఎంత అవసరం పడ్డా ఆ తలుపు తెరుచుకోదు. ఆరోగ్య బీమా లేనివాళ్లు, చేతిలో వేరే నిల్వ లేనివాళ్లు ఈ ఒక్క కారణంతో జె వైపు మొగ్గినా తప్పులేదు. సరెండర్ చేస్తే కట్టినంతా తిరిగి రాదని మాత్రం గుర్తుంచుకోండి.

ఏటా పెరిగే పింఛను

జి ఆప్షన్ పేరు వినగానే ధరల పెరుగుదలకు మందు దొరికిందనుకుంటాం. ఈ మూడు శాతం చక్రవడ్డీ లాంటిది కాదు, సాధారణ పెరుగుదల. అంటే ప్రతి ఏడాదీ మొదటి పింఛను మీద మూడు శాతమే కలుస్తుంది. 65,000తో మొదలైతే ఏటా 1,950 పెరుగుతుంది. ఎ ఇచ్చే 80,000 దాటడానికి తొమ్మిదో ఏడు రావాలి. అప్పటిదాకా తక్కువ తీసుకున్నదంతా పూడాలంటే పదిహేడో ఏడు, అంటే మనిషికి డెబ్బై ఆరు నిండాలి. పైగా ఇది ఒక్కరి మీదే, తర్వాత ఆవిడకేమీ లేదు. వంశంలో అందరూ తొంభై దాటేవాళ్లయి, మొదటి పదేళ్లు పార్ట్‌టైము పనేదైనా ఉండి, తర్వాత ఆధారపడేవాళ్లెవరూ లేకపోతే జి బాగుంటుంది. అన్నీ కలిసినవాళ్లు నాకింకా తగల్లేదు.

ధరల బెడదకు నాకు తెలిసిన మెరుగైన దారి, ఉన్నదంతా అరవైలోనే యాన్యుటీలో పెట్టేయకపోవడం. మూడో వంతు ఇప్పుడు, మూడో వంతు అరవై ఐదుకు, మిగిలింది డెబ్బైకి. వయసుతో రేటు పెరుగుతుంది కాబట్టి ప్రతిసారీ అదే డబ్బుకు కాస్త ఎక్కువ పింఛను దొరికే అవకాశం ఉంటుంది. మధ్యలో వడ్డీ రేట్లు పడిపోతే ఆ లాభం కొంత తగ్గొచ్చు. అందుకే అంతా ఒకే రోజు కొనడం కంటే మూడు ముక్కలుగా కొనడం.

హెచ్, ఐ

అసలు వాపసు వద్దనుకున్న దంపతులకు ఇవి రెండు. ఐలో ఇద్దరిలో ఎవరున్నా అదే పింఛను. హెచ్‌లో ప్రైమరీ పోతే సెకండరీకి సగం. సెకండరీ ముందు పోతే ప్రైమరీకి పూర్తిగానే వస్తుంది. ఒకరు పోతే ఇంటి ఖర్చు సగమవుతుందని హెచ్ నమ్మకం. అద్దె సగం కాదు, కరెంటు బిల్లు సగం కాదు, మందులు అసలే కావు. హెచ్ తీసుకుంటే ఆవిడకు నెలకు 3,167. ఐలో 6,000. ఇద్దరూ ఉన్నప్పుడు హెచ్‌లో నెలకు 333 ఎక్కువ వస్తుందని ఈ తేడా ఒప్పుకోవడం సబబుగా అనిపించదు. ఆవిడకు సొంతంగా టీచరు పింఛనో మరోటో ఉంటే హెచ్ బాగానే ఉంటుంది.

జాయింట్ అంటే భార్యాభర్తలే అనుకుంటారు. తల్లిదండ్రులు, పిల్లలు, మనవలు, తోబుట్టువులతో కూడా తీసుకోవచ్చు. పెళ్లి చేసుకోని చెల్లెలు ఉన్న అన్నయ్య, ముప్ఫై దాటినా సంపాదించలేని స్థితిలో ఉన్న బిడ్డ తల్లి, ఇలాంటివాళ్లు ఈ వీలు గురించి తప్పకుండా అడగాలి. రెండో వ్యక్తి వయసు బాగా తక్కువైతే పింఛను తగ్గుతుంది, అది సహజం.

అసలు యాన్యుటీయే ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి చేరింది, పరిమితి కూడా అప్పుడే 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు. 30 లక్షలు పెడితే 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. దంపతులిద్దరికీ అర్హత ఉంటే ఎవరి ఖాతా వారిది, ఎవరి పరిమితి వారిది. అసలు మీదే. ఇది ఉండగా 6.8 శాతానికి యాన్యుటీ కొనడం పిచ్చిపనే అనిపిస్తుంది.

తేడా గడువులో ఉంది. ఈ స్కీము ఐదేళ్లు, తర్వాత మూడేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు, ఆ రోజు రేటు ఎంతుంటే అంత. ఇదే స్కీము 2020 మార్చి దాకా 8.6 శాతం ఇచ్చింది, ఏప్రిల్ నుంచి 7.4కి దిగింది, 2022 సెప్టెంబరు దాకా అక్కడే ఉండిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో రేటు ఎంతుంటుందో, పోస్టాఫీసుకు వెళ్లి ఫారాలు నింపే ఓపిక ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? యాన్యుటీకి ఒకసారి టిక్కు పెట్టాక ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం తప్ప మరో పని ఉండదు.

కాబట్టి నా వరస ఇది: అర్హత ఉన్నవాళ్లు ముందు సీనియర్ సిటిజన్ స్కీము నింపుకోవాలి. ఆ తర్వాత ఏడాది ఖర్చుకు సరిపడా బ్యాంకులో. మిగిలిన దాంట్లోంచి, ఇంట్లో కనీసపు ఖర్చు, అంటే బియ్యం, పాలు, కరెంటు, మందులు వీటికి ఏ మాత్రం తక్కువ పడుతుందో అంత మేరకు యాన్యుటీ. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీము మధ్యలో ఉపయోగపడే చిన్న పనిముట్టు, అంతకు మించి దాని గురించి చెప్పుకోవడానికి లేదు. మ్యూచువల్ ఫండ్‌లోంచి నెలనెలా తీసుకునే పద్ధతి బాగా తెలిసినవాళ్లకు బాగుంటుంది. మార్కెట్ పడ్డ సంవత్సరంలో కూడా తీస్తూ పోతే మూలం కరిగిపోతుందని తెలిసీ నిద్రపట్టేవాళ్లకు మాత్రమే.

బీమా కంపెనీ నిలబడుతుందా అన్న భయం కూడా ఉంటుంది. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, యాన్యుటీకి అలాంటిది లేదు. ఎల్‌ఐసీ పాలసీలకు 1956 ఎల్‌ఐసీ చట్టం 37వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. ప్రైవేటు కంపెనీలు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం 150 శాతం సాల్వెన్సీ నిష్పత్తి, అంటే చెల్లింపుల స్తోమతను చూపే కొలత, ఉంచాలి. ముప్ఫై ఏళ్ల బంధం కాబట్టి, నూటికి పావలా ఎక్కువిస్తున్నారని మాత్రమే చూసి కంపెనీని ఎంచుకోకండి.

సీపీఎస్, ఎన్‌పీఎస్ వాళ్లకు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరిన ప్రభుత్వ ఉద్యోగులది సీపీఎస్, అంటే ఎన్‌పీఎస్సే: ఉద్యోగీ ప్రభుత్వమూ నెలనెలా నిధిలో వేసే పింఛను పద్ధతి. వీళ్లకు యాన్యుటీ కొనాలా వద్దా అన్న ఎంపిక పూర్తిగా లేదు. రిటైరైనప్పుడు నిధిలో కనీసం 40 శాతంతో కొనాల్సిందే, మిగిలిన 60 శాతం పన్ను లేకుండా చేతికొస్తుంది. నిధి చిన్నదైతే మొత్తం తీసుకునే వీలుంది. ప్రభుత్వేతర చందాదారులకు 2025 డిసెంబరులో పింఛను నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ ఈ నిబంధన సడలించి, తప్పనిసరి వాటాను 20 శాతానికి తగ్గించింది. అయితే పన్ను మినహాయింపు 60 శాతానికని రాసి ఉన్న చట్టం వేరు, తీసుకునే వీలిచ్చిన నిబంధన వేరు. 60 శాతం దాటి తీసుకునే ముందు ఆడిటర్‌తో ఒక పూట కూర్చోవడం మంచిది.

వీళ్లకు పెద్ద సౌకర్యం ఏమిటంటే ఏ కంపెనీ దగ్గర కొనాలన్నది వాళ్ల ఇష్టం. రికార్డులు చూసే సంస్థల వెబ్‌సైట్లో, వాటిలో కేఫిన్‌టెక్ మన హైదరాబాద్‌దే, వయసు, మొత్తం కొడితే అన్ని కంపెనీల పింఛనూ పక్కపక్కన కనబడుతుంది. ఒకే వయసుకు, ఒకే ఆప్షన్‌కు కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. ఆఫీసులో ఎవరో చెప్పిన పేరు రాసేయకుండా పది నిమిషాలు అక్కడ గడపండి. కొనుగోలును కొంతకాలం వాయిదా వేసుకునే వీలు కూడా ఉంది.

ఎన్‌పీఎస్‌లో మాత్రమే దొరికే ఫ్యామిలీ ఇన్‌కమ్ ఆప్షన్ ఒకటుంది. చందాదారు తర్వాత భార్య లేదా భర్తకు, వాళ్ల తర్వాత ఆధారపడిన తల్లికి, ఆపైన తండ్రికి పింఛను వెళ్లి, చివరికి అసలు పిల్లలకు వస్తుంది. తల్లిదండ్రులు బతికున్నవాళ్లకు బయట పాలసీల్లో ఇంత అమరికైనది కనబడదు.

ఎవరెవరు ఎటు

పాత పింఛను ఉన్న ప్రభుత్వోద్యోగికి ధరలతో పాటు పెరిగే డీఆర్ (కరువు భృతి) ఉంది, ఫ్యామిలీ పింఛను ఉంది. ఆయన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత ముందే మొత్తంగా తీసుకున్న) డబ్బుతో యాన్యుటీ కొనడం ఉన్న గొడుగు మీద ఇంకో గొడుగు పట్టుకోవడమే. పోస్టాఫీసు స్కీము చాలు.

ప్రైవేటు ఉద్యోగం చేసి ఈపీఎఫ్ తెచ్చుకున్నవాళ్ల సంగతి వేరు. పదిహేను వేల వేతన పరిమితి మీద ఈపీఎస్, అంటే ఈపీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం కింద వచ్చే పింఛను ముప్ఫై ఐదేళ్ల సర్వీసుకు కూడా నెలకు 7,500 దగ్గరే ఆగుతుంది, చాలామందికి అందులో సగం కూడా రాదు. వీళ్లకు యాన్యుటీ నిజంగా పనికొస్తుంది. దంపతులైతే జె, నెల గడవడమే కష్టమైతే ఐ.

గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు కష్టపడి నిజామాబాద్‌కో కోనసీమకో తిరిగొచ్చినవాళ్లకు ఏ పింఛనూ ఉండదు. అక్కడున్నంత కాలం ఎన్నారైలుగా సీనియర్ సిటిజన్ స్కీములో చేరలేరు. వచ్చాక కూడా సాధారణంగా అరవై నిండాలి. యాభై రెండుకే వచ్చేసినవాళ్లయితే కొంత డిఫర్డ్ యాన్యుటీలో పెట్టి అరవై తర్వాత మొదలయ్యేలా చూసుకోవచ్చు. వీళ్ల డబ్బు మీద ఊరందరి కన్నూ ఉంటుంది. సులువుగా బయటకు రాని చోట కొంత ఉండటం వీళ్లకు మేలే.

భర్త పోయిన స్త్రీ, సొంత ఇల్లు, స్థిరపడ్డ పిల్లలు: డి. పిల్లల మీద ఆధారపడాల్సి వస్తుందనుకుంటే ఎఫ్ కూడా ఆలోచించొచ్చు. చివర్లో చూసుకున్న బిడ్డకు ఏదో మిగిలిందన్న మాట చిన్నది కాదు.

సంతకానికి ముందు, తర్వాత

యాన్యుటీ పింఛను మొత్తం ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. ఎ, ఐ లాంటి వాటిలో మీ అసలే కొంత మీకు తిరిగొస్తున్నా దానికీ పన్నే. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి పన్నెండు లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్ను పడదు కాబట్టి చాలామందికి ఈ బాధ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా పాలసీలకు జీఎస్టీ తీసేశారు. అంతకు ముందు ఇలాంటి యాన్యుటీ కొనుగోలు మీద 1.8 శాతం పడేది. పాత కొటేషన్ చూపించి జీఎస్టీ అడిగితే అడ్డం తిరగండి.

కొటేషన్ ఎప్పుడూ కనీసం మూడు ఆప్షన్లకు రాతపూర్వకంగా అడగండి: ఎఫ్, ఐ, జె. ఆవిడ పుట్టిన తేదీ ఆధార్‌లోనూ పాన్‌లోనూ ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. జాయింట్ పాలసీల్లో ఆలస్యాలకు నేను చూసిన కారణం ఎక్కువగా అదే. బాండు చేతికొచ్చిన రోజు నుంచి ముప్ఫై రోజులు ఫ్రీ లుక్ గడువు. ఆప్షన్ అక్షరం, సెకండరీ పేరు, నామినీ పేరు మీరనుకున్నట్టే ఉన్నాయా అని ఆ రోజే ఇద్దరూ కూర్చుని చదవండి. తప్పుంటే వెనక్కి పంపడానికి ఆ నెల రోజులే ఉన్నాయి.

పింఛను పడే ఖాతాలో ఆవిడ పేరు కూడా ఉండనివ్వండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఏ నెలలో ఇవ్వాలో, బాండు బీరువాలో ఏ అరలో ఉందో ఆవిడకు చూపించండి.